ముందు అంచనా, పిమ్మట లెక్క

రేడియో కేంద్రమున పనిచేయు మాకు కాలమే కొలబద్ద. వ్రాతప్రతిని చేత పట్టుకొని, ఇది ఎన్ని నిమిషములు వచ్చునో చదువకమునుపే ఇంచుమించుగా చెప్పగలుగుట మా వృత్తిలో మొదటి పాఠము. ఈ పాఠము బడిపిల్లలకును అవసరమని మాకు ఇటీవల తోచినది.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మేనల్లుని, "పదిలక్షల సెకండ్లు ఎన్ని నిమిషములురా?" అని అడిగితిమి. వాడు భాగింపవలసిన చోట గుణించి, "ఆరుకోట్లు మామయ్యా!" అనెను. గుణకారములో తప్పు లేదు. కాని సెకండ్లకంటె నిమిషములు ఎక్కువ ఎట్లగునని వానికి అనుమానమే కలుగలేదు. మమ్ము బాధించినది తప్పు కాదు, ఆ అనుమానము కలుగకపోవుటయే.

పెన్సిలు ప్రక్కన పెట్టించి, అవి ఎన్ని రోజులగునో నోటితో చెప్పుమంటిమి. గంటకు 3,600 సెకండ్లు. దినమునకు 24 గంటలు. 25 అనుకొన్నచో 90,000 సెకండ్లు. పదిలక్షలలో అవి పదకొండు మార్లు పోవును. కావున పదకొండు దినములకు పైమాట. పిమ్మట లెక్క చేయగా 11 దినముల 13 గంటల 46 నిమిషముల 40 సెకండ్లు వచ్చినది. నూరుకోట్ల సెకండ్లో? వెయ్యింతలు, 31 ఏండ్లు దాటును. లక్షలకును కోట్లకును గల దూరము వానికి అప్పుడు తెలిసినది.

మన పెద్దల కొలతలును ఇందుకు పనికివచ్చును. దినమునకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. అనగా ఘడియ 24 నిమిషములు, విఘడియ 24 సెకండ్లు. మూడు గంటల జాము ఏడున్నర ఘడియలు. విఘడియకు ఆరు ఊపిరులని సూర్యసిద్ధాంతము లెక్క. అనగా ఊపిరికి 4 సెకండ్లు, నిమిషమునకు 15, దినమునకు 21,600. మావాడు తన ఊపిరి లెక్కించుకొనగా నిమిషమునకు 18 వచ్చినవి, దినమునకు 25,920. సంఖ్యలు ఒకటి కాకున్నను ఇరుగుపొరుగువే. రెండువేలు వచ్చినను, రెండులక్షలు వచ్చినను తప్పని వాడే చెప్పగలడు.

మరియొక పొరపాటు కలదు. రెండు గంటల ముప్పది నిమిషములను కొందరు పిల్లలు 2.30 గంటలని వ్రాసి గుణింతురు. అది 2.5 గంటలు. గంటకు 40 కిలోమీటర్లు పోవు బస్సు 100 కిలోమీటర్లు పోవలసియుండగా వారి లెక్కలో 92 మాత్రమే పోవును. తక్కిన ఎనిమిది కిలోమీటర్లు ప్రయాణికులు నడువవలసినదే!

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. ప్రతి లెక్కకు ముందు విద్యార్థిచేత అంచనాను అంచున వ్రాయింపుడు. అంచనా తప్పినందుకు మార్కులు తగ్గింపకుడు. అంచనాకును జవాబునకును పొంతన కుదరనిచోట ఆగి, మరల చూచుకొను అలవాటు చేయుడు. లెక్క చేయుటకు యంత్రములు కలవు. వచ్చిన జవాబును అనుమానించుట మాత్రము మనమే నేర్వవలెను.