కన్నులు చూపించుకొనుటకు గల దారులు

(మదురైలో మన సంఘపు మాసిక సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెల సమావేశమున కంటి పరీక్షను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము వైద్యులము కాము. కొట్టు నడుపుకొను వారము. అయినను ఒప్పుకొనుటకు కారణము కలదు. పత్రిక చందాలకై వీధివీధి తిరిగినపుడు పలువురు వృద్ధులు మాతో ఒకే మాట చెప్పిరి: "నాయనా, చందా ఇచ్చెదము గాని పత్రిక పంపవలదు. అక్షరములు కనబడుట లేదు."

మన యిండ్లలో తెలుగు మాటలాడువారు అందరును ఉన్నారు. తెలుగు చదువగలవారు మాత్రము పెక్కిండ్ల ఆ ముసలివారే. మన పిల్లలు తమిళమునందో ఇంగ్లీషునందో చదువుకొనిరి. ఇంట మాట తెలుగైనను అక్షరము వారికి రాదు. కావున ఒక అవ్వకు చూపు మందగించిన నాడు ఆ యింట తెలుగు చదువు ఆగిపోవును. శుభలేఖలోని తెలుగు ముక్క చదివి చెప్పువారుండరు. మనుమరాలిచేత ఓనమాలు దిద్దించువారుండరు. ఇది ఒక మనిషి కంటి బాధ మాత్రమే కాదని మా అభిప్రాయము.

పరీక్ష ఏల చేయించుకొనలేదని అడుగగా, ఖర్చునకు భయపడితిమని కొందరు, శస్త్రచికిత్స చేయవలెనందురేమో అని కొందరు చెప్పిరి. స్త్రీలు చెప్పిన సమాధానము వేరు. "మాకేమి, ఇంట కూర్చుండు వారము" అనిరి. బియ్యములోని రాళ్లు కనబడక కోడలిచేత ఏరించుకొనుచు, సూదిలో దారము మనుమనిచేత ఎక్కించుకొనుచు, ఏండ్ల తరబడి గడపుచున్నారు. ఇంటి యజమానికి కళ్లజోడు రెండుసార్లు మారును. ఇల్లాలికి ఒక్కసారియు పరీక్ష ఉండదు. ఇది మన కుటుంబములలోని లోపమే గాని డబ్బు లోపము కాదు.

ఖర్చు మాటకు వచ్చెదము. మదురైలో నివసించుచు కంటి పరీక్షకు డబ్బు లేదని కూర్చుండుట నది ఒడ్డున దాహముతో ఉండుట వంటిది. డాక్టరు గోవిందప్ప వేంకటస్వామిగారు 1976లో ప్రభుత్వోద్యోగము నుండి విరమించిన పిదప ఈ యూరనే 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని ఆరంభించిరి. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను పట్టుదలతో శస్త్రచికిత్స అభ్యసించిన మహనీయులు వారు, 2006లో దివంగతులైరి. ఆ ఆసుపత్రిలో డబ్బు చెల్లించు విభాగము వేరు, ఉచిత విభాగము వేరు. ఎచటికి పోవలెనో నిర్ణయించుకొనునది రోగియే. ఆదాయ పత్రము చూపుమని ఎవరును అడుగరు. వైద్యులు రెండు విభాగములలోను వంతులవారీగా పనిచేయుదురు. చెల్లించువారి సొమ్ముతో చెల్లించలేనివారి చికిత్స సాగును. లెక్క తెలిసిన వ్యాపారి యెవరైనను ఈ పద్ధతిని మెచ్చుకొనక తప్పదు.

పల్లెలలో నున్న మన బంధువులు నగరమునకు రానక్కరలేదు. ఈ ఆసుపత్రివారు తరచుగా గ్రామములలో శిబిరములు పెట్టుదురు. శుక్లములున్నవని తేలినవారిని బస్సులో తీసికొని వచ్చి, భోజనము పెట్టి, చికిత్స చేసి, మరల ఊరికి చేర్చుదురు, అంతయు ఉచితము. చిన్న పట్టణములలో వారి దృష్టి కేంద్రములు కలవు. అచట శిక్షణ పొందినవారు పరీక్షించి, పెద్దాసుపత్రిలోని వైద్యునితో కంప్యూటరు ద్వారా మాటలాడింతురు. రుసుము స్వల్పము. శుక్లము తీసిన పిదప కంటిలో అమర్చు లెన్సులను 1992 నుండి మదురైలోనే ఆరోలాబు తయారుచేయుచుండుటచే శస్త్రచికిత్స సైతము మునుపటి వలె భారము కాదు. ఇవికాక ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో కంటి విభాగము ఉన్నది. ఇ.యస్.ఐ. చందా కట్టుచున్న పనివారికి ఆ వైద్యశాలల ద్వారా పరీక్ష లభించును. మన కొట్లలో పనిచేయువారికి ఈ సంగతి యజమానులమైన మనమే చెప్పవలెను.

ఇక అంగళ్ల సంగతి. కళ్లజోళ్ల దుకాణముల ముందు "ఉచిత కంటి పరీక్ష" అని బోర్డులు చూచుచున్నాము. వ్యాపారులమగుటచే ఉచితమను మాట మర్మము మాకు కొంత తెలియును. ఉప్పు ఊరక ఇచ్చు కొట్టులో పప్పు ధర చూడవలెను గదా. అట్లని ఆ పరీక్షను తీసివేయుట లేదు. యంత్రములో చూచి, అద్దములు మార్చి మార్చి పవరు కట్టుట తెలిసినవారు చేసినచో అది సరియైన పనియే. పరీక్ష అయిన పిమ్మట పవరు చీటీ చేతికి ఇమ్మని అడుగుడు. చీటీ చేతనుండిన యెడల ఫ్రేము ఎచట చవుకయో అచట కొనవచ్చును. మాకు తెలిసిన ఒక ముదుసలి చీటీ అడుగుటకు మొగమాటపడి, ఉచిత పరీక్షకు పోయి, వేల రూపాయల జోడుతో తిరిగి వచ్చెను. 2025 సెప్టెంబరు 22 నుండి చూపు సవరించు కళ్లజోళ్లపై జి.యస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది. బిల్లులో అది కనబడవలెను.

అయితే దుకాణములోని పరీక్ష పవరు మాత్రమే చెప్పును. కంటి రోగము చెప్పదు. ఈ భేదము తెలియకయే పలువురు మోసపోవుచున్నారు. నీటికాసుల వ్యాధిలో సాధారణముగా నొప్పి ఉండదు. చూపు అంచుల నుండి మెల్లగా తరుగుచు వచ్చును. ఎదుటి వస్తువు కనబడుచునే యుండును. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలినదానిని కాపాడుకొనుటయే చికిత్స. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి యున్నవారు నలుబది దాటగానే కంటిలోని ఒత్తిడిని, లోపలి నరమును చూపించుకొనవలెను. మధుమేహము గలవారు చూపు బాగుగనే యున్నను ఏటేట కంటి వెనుక పొరను చూపించుకొనవలెను. దానికై మందు చుక్కలు వేయుదురు; కొన్ని గంటలు చూపు మసకగా నుండును. ఆ దినము బండి నడుపరాదు, తోడు లేక పోరాదు. ఇవి ఆసుపత్రిలో జరుగవలసిన పరీక్షలు.

ఇంట చేసికొనదగిన చిన్న పని యొకటి కలదు. గోడకు వ్రేలాడు దినసరి క్యాలెండరును దూరము నుండి ఒక కన్ను మూసి మరియొక కంటితో, తరువాత మార్చి చూడుడు. రెండు కన్నులు తెరచియున్నంతవరకు మంచి కన్ను చెడిన కంటి లోపమును కప్పుచుండును. ఇట్లు చూచుకొనుట పరీక్షకు బదులు కాదు. పరీక్షకు పోవలెనని తెలుపు గుర్తు మాత్రమే.

అక్షరముల పలకను గూర్చి చెప్పక తప్పదు. "మాకు తెలుగు తప్ప రాదు, అచట తమిళము, ఇంగ్లీషు అక్షరములుండును, చదువలేకపోయిన నవ్వుదురు" అని ఒక పెద్దమ్మ మాతో అన్నది. అమ్మలారా, దీనికి సిగ్గుపడవలదు. చదువు రానివారికై ఇంగ్లీషు ఈ అక్షరము వంటి గుర్తు నాలుగు దిక్కులకు తిరిగియున్న పలక వేరుగా నుండును. దాని కాళ్లు ఎటున్నవో చేతితో చూపిన చాలును. అంకెల పలకయు ఉండును. "ఆ పలక చూపుడు" అని తోడు వచ్చినవారు ముందుగనే చెప్పవలెను. దగ్గరి చూపు పరీక్షకు మన వారపత్రికను సంచిలో వేసికొని పొండు. ఇంట ఏ అక్షరము చదువవలెనో ఆ అక్షరమునే చదివి చూచి పవరు సరిపోయినదని చెప్పుట మేలు గదా. చత్వారపు జోడు మాత్రమే కావలసినవారికి అది ఎక్కువ ఖరీదు కానక్కరలేదు. వీధిలో అమ్ము సిద్ధపు జోళ్లలో రెండు కన్నులకు ఒకే పవరు ఉండును. తమ కన్నులు రెండును సమానమని పరీక్షలో తేలినవారు చదువుకొనుటకు వానిని వాడుకొనవచ్చును.

పిల్లల విషయము క్లుప్తముగా చెప్పెదము. ప్రభుత్వ, ఎయిడెడు పాఠశాలలలోని పిల్లలకు 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద కన్నులు చూచెదరు. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమము క్రింద పేద పిల్లలకు కళ్లజోళ్లు ఉచితముగా ఇచ్చెదరు. ప్రైవేటు బడులలోని మన పిల్లలకు ఇది అందదు. నల్లబల్ల కనబడదని చెప్పుట పిల్లవానికి తెలియదు. మందబుద్ధియని దెబ్బలు తినును. బడిలో చేర్చునపుడే ఒకసారి చూపించుడు.

పరాయి యూళ్లలోని మన బంధువులకు ఈ మాట చేరవేయుడు. చెన్నైలో ఎళుంబూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది. బెంగుళూరులో మింటో ఆసుపత్రి ప్రభుత్వముదే. చలనచిత్ర ప్రముఖులు ఎల్.వి. ప్రసాదుగారి పేర హైదరాబాదులో వెలసిన కంటి సంస్థకు విశాఖపట్టణము, విజయవాడ, భువనేశ్వరములందు శాఖలున్నవి. చెల్లించలేనివారికి అచట చికిత్స ఉచితము.

తోడు లేనివారికై సంఘమున నలుగురు యువకులు ముందుకు వచ్చినారు. వారికి తమిళము, తెలుగు రెండును చక్కగా వచ్చును. ప్రతి శనివారము ఉదయము ఆరుగురికి మించకుండ ఆసుపత్రికి తీసికొని పోవుదురు. పేర్లు సంఘ కార్యాలయమున వ్రాయించవలెను. స్త్రీల పేర్లు ముందుగా తీసికొనవలెనని కార్యవర్గము నిర్ణయించినది. వచ్చువారు పాత జోడు, పాత చీటీలు, వాడుచున్న మందుల పేర్లు వెంట తెచ్చుకొనవలెను. మధుమేహమున్నవారు పలహారము డబ్బాతో రావలెను. వేచియుండుట మధ్యాహ్నము దాక సాగవచ్చును.