సందు కింద నీరు



కోల్‌కతా తూర్పు-పడమర మెట్రో అనగానే అందరికీ గుర్తొచ్చేది హుగ్లీ నది. నది అడుగుకు 13 మీటర్ల దిగువన, 520 మీటర్ల పొడవున జంట సొరంగాలు. అక్కడ ఏదో అవుతుందని భయపడినవాళ్ళు చాలామంది. ఏమీ కాలేదు, 2017లో నది కింద తవ్వకం సాఫీగా ముగిసింది. చిక్కు వచ్చింది నది దాటి ఊళ్ళోకి వెళ్ళాక, బౌబజార్ సందుల్లో.

2019 ఆగస్టు 31న 'చండీ' అనే సొరంగ యంత్రం బౌబజార్ కింద నీరు నిండిన ఇసుక పొరను తాకింది. నీళ్ళతో పాటు మట్టీ సొరంగంలోకి కొట్టుకొచ్చింది. కింద మట్టి జారిపోతుంటే పైన పాత ఇటుక ఇల్లు ఎంతసేపని నిలుస్తుంది? దుర్గా పితూరి లేన్, స్యాక్రా పాడా లేన్‌లలో గోడలు బీటలిచ్చాయి, కొన్ని ఇళ్ళు కూలాయి. నగల పనివాళ్ళ పేట అది. వందలమందిని కట్టుబట్టలతో హోటళ్ళకు తరలించారు. చివరికి సొరంగంలో అడ్డుగోడ కట్టి, వెనక నీళ్ళు నింపి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికి సరిసమానం చేశాక గానీ ప్రవాహం అదుపులోకి రాలేదు.

కథ అక్కడితో ఆగలేదు. మిగిలిన సొరంగాన్ని 'ఊర్వి' అనే రెండో యంత్రం పూర్తిచేసింది. 2022 మేలో, యంత్రాన్ని బయటికి తీయడానికి తవ్విన గోతి అడుగున మళ్ళీ నీరు ఊరి, మళ్ళీ ఇళ్ళు పగిలాయి. అదే ఏడాది అక్టోబరులో మదన్ దత్తా లేన్ వంతు. సియాల్దా-ఎస్ప్లనేడ్ మధ్య రైలు 2025 ఆగస్టు 22న మొదలైంది. ఇల్లు పోయినవాళ్ళలో చాలామంది మాత్రం అప్పటికింకా సొంత గూటికి చేరలేదు.

ఇది నీరు దూసుకొచ్చి చేసే నష్టం. అందరికీ కనబడుతుంది, పేపర్లలో పడుతుంది. నీరు మెల్లగా దిగిపోయి చేసే నష్టం దీనికంటే మోసకారి. మట్టి రేణువుల మధ్య ఉన్న నీరు కూడా పైబరువులో కొంత మోస్తుంది. నీటి మట్టం ఒక్క మీటరు దిగిందంటే, ఆ భారం కింది మట్టి మీద చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను పెరుగుతుంది. ఇంటి మీద చడీచప్పుడు లేకుండా ఇంకో అంతస్తు లేపినట్టే. ఇసుక నేల దాన్ని తట్టుకుంటుంది. మెత్తటి బంకమట్టి తట్టుకోలేదు, నెలలూ ఏళ్ళూ కుంగుతూనే ఉంటుంది. ఇల్లంతా సమానంగా కుంగితే పెద్ద ప్రమాదం లేదు. ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ కుంగినప్పుడే గోడ చీలుతుంది.

నార్వేలో ఓస్లో విమానాశ్రయపు రైలు కోసం తవ్విన రోమెరిక్స్‌పోర్టెన్ సొరంగంలో 1997లో జరిగిందిదే. కొండరాతి పగుళ్ళలోంచి నీరు సొరంగంలోకి కారింది. పైన అడవిలో పుత్యెర్న్ అనే చెరువు మట్టం పడిపోయింది, హెల్లెరుడ్ ప్రాంతంలో ఇళ్ళు కుంగాయి. విమానాశ్రయం 1998లో తెరిచినా సొరంగం గుండా రైళ్ళు తిరగడానికి మరుసటి ఏడాది ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. అదే 1997లో స్వీడన్‌లోని హలాండ్సోస్ సొరంగంలో నీటిని ఆపడానికి ఎక్కించిన రసాయనం వాగుల్లో కలిసి చేపలు చచ్చాయి, ఆవులకు కాళ్ళు పడిపోయాయి. మందు రోగం కంటే ఎక్కువైన సందర్భాలూ ఉన్నాయన్నమాట.

బోస్టన్ గొడవ మరో రకం. అక్కడి బ్యాక్ బే పేటంతా పూడ్చిన నేల, ఇళ్ళన్నీ కర్ర దుంగల మీద నిలిచినవి. ఒక్క ట్రినిటీ చర్చి కిందే దాదాపు 4,500 దుంగలు. నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్రకు ఢోకా లేదు. కారే మురుగు గొట్టాలు, భూగర్భ కట్టడాలు నీటిని లాగేస్తే దుంగల తలలకు గాలి తగిలి కుళ్ళు పడుతుంది. అందుకే 1986లో నీటి మట్టం కొలవడానికే ఆ నగరం ఒక ట్రస్టు పెట్టుకుంది. దాని మనుషులు వీధుల్లోని పరిశీలక బావుల్లోకి టేపు దించి లోతు రాసుకుంటారు. ఇప్పుడక్కడ కొత్త భవనం కట్టేవాళ్ళు తమ కప్పు మీద పడ్డ వానను నేలలోకి ఇంకించాలి.

కాపాడే పద్ధతులు ఇంజనీర్లకు కొత్త కాదు. నీరు చొరబడని లోతైన కాంక్రీటు గోడలు, సిమెంటు గ్రౌటింగ్, అవతల పక్క నీటిని తిరిగి నేలలోకి దించే రీచార్జి బావులు. అయితే గోడ ఎంత గట్టిదైనా ఒక్క చోట లోపం చాలు. 2009 మార్చి 3న జర్మనీలోని కొలోన్‌లో మెట్రో గోతి గోడకున్న లోపంలోంచి నీరు, ఇసుక దూసుకొచ్చి నగర పత్రాగారం నిమిషాల్లో కూలింది, పక్క భవనాల్లో ఇద్దరు చనిపోయారు. కూలీలు పరుగున వచ్చి హెచ్చరించబట్టి పత్రాగారంలోని వాళ్ళు బతికారు.

తెలుగు నగరాలకు ఇందులో పని లేదనుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో ఇప్పుడు నడిచే మెట్రో పైవంతెనల మీదే, అడుగున గ్రానైటు కూడా. మూడు నాలుగు అంతస్తుల సెల్లార్ తవ్వి రాత్రింబవళ్ళు మోటార్లు పెడితే పక్కింటి బోరు ఎండొచ్చు గానీ, రాయి మీదున్న ఇల్లు అంత తేలిగ్గా కుంగదు. కృష్ణా, గోదావరి ఒండ్రు నేలలు అలా కాదు. విజయవాడలోనో రాజమండ్రిలోనో పాత ఇళ్ళ పక్కన అదే సెల్లార్ తవ్వితే లెక్క వేరు.

అక్కడ పలుగు పడకముందే చుట్టుపక్కల ప్రతి ఇంటి పగుళ్ళనూ తేదీలతో ఫొటోలు తీసి, ఒక ప్రతి ఇంటివాళ్ళ చేతికివ్వాలి. ఉన్న చీలికకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి తేదీ రాస్తే, గోడ కదిలిన రోజే అది పుటుక్కున విరుగుతుంది. కొలిచే బావి గుత్తేదారు ప్రహరీ లోపల కాదు, వీధిలో ఉండాలి. నీరు ఎంత దిగితే మోటార్లు ఆపాలో, ఆపమనే అధికారం ఎవరిదో ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఈ ఏర్పాట్ల ఖర్చు టెండరులో లేకపోతే బీట పడ్డాక రుజువు బాధ్యత ఇంటి యజమాని నెత్తిన పడుతుంది. పగులు పాతదేనని గుత్తేదారు, కాదని ఇంటాయన, ఏళ్ళ తరబడి కోర్టులో.