నాన్న పోయిన ఇంటికెళ్ళి ఏం మాట్లాడాలి?

ఈ ఎపిసోడ్ కొంచెం సీరియస్. మన వయసు వాళ్ళకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పని పని ఒకటుంది. పరామర్శ.

మనకి తెలిసిందేంటి? గ్రూప్‌లో ఎవరో "నాన్నగారు పోయారు" అని పెడతారు. కింద వరసగా "ఓం శాంతి", "రిప్", దండం ఎమోజీలు. మనమూ ఒకటి పెట్టేస్తాం. దూరంగా ఉన్నవాళ్ళకి అదే దారి, కాదనను. కానీ పక్క వీధిలో ఉండి కూడా అక్కడితో ఆగిపోతే ఎలా?

ఈమధ్య నా బీటెక్ ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు పోయారు. ఆర్మీలో చేసి రిటైరయ్యారు. 1999 కార్గిల్ యుద్ధంలో ద్రాస్ వైపు ఉన్నారు. మనలో చాలామంది అప్పటికి పుట్టారో లేదో! కొండల మీద శత్రువు, కింద మనవాళ్ళు. పైనుంచి కాల్పులు పడుతుంటే టోలోలింగ్, టైగర్ హిల్ లాంటి శిఖరాలెక్కాలి, అదీ దాదాపు 15,000 అడుగులు, ఆపైన. అధికారిక లెక్క ప్రకారం 527 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళలో మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

మరి తిరిగొచ్చినవాళ్ళు? రిటైరై ఏ బ్యాంక్ దగ్గరో సెక్యూరిటీ డ్యూటీ చేస్తారు. పిల్లల ఫీజులు కడతారు. ఎప్పుడో షుగర్‌తోనో గుండెపోటుతోనో పోతారు. పేపర్లో ఫొటో కూడా రాదు.

ఆ ఇంటికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "దేశం కోసం పోరాడిన మనిషి. గర్వపడాలి బాబూ, ఏడవకూడదు." మంచి మనసుతోనే అన్నారు. కానీ తర్వాత మావాడు నాతో ఏమన్నాడో తెలుసా? "అందరూ సోల్జర్ గురించే మాట్లాడుతున్నార్రా. నాకు పోయింది నాన్న."

నిజమే కదా. సైనికుడి కొడుకైతే ఏడుపు ఆపుకోవాలా?

అదే రోజు సాయంత్రం ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన వచ్చాడు. వాళ్ళమ్మగారి ఎదురుగా కింద కూర్చున్నాడు. "అమ్మా, మా పిల్లాడు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి వెళ్తుంటే సారే రోజూ పొద్దున్నే గ్రౌండ్‌కి తీసుకెళ్ళి 1600 మీటర్లు పరిగెత్తించేవారు. వాడికి ఉద్యోగం రాలేదు. రాలేదని తెలిసిన మర్నాడు కూడా సార్ మా గుమ్మం ముందుకొచ్చి, బూట్లేసుకోరా అన్నారు." అంతే చెప్పాడు. ఆంటీ ఏడుస్తూనే నవ్వారు. "ఆ పొద్దున్న నడకలు ఇందుకా!" అన్నారు. ఆవిడకి ఆ సంగతి అప్పటిదాకా తెలీదు.

పరామర్శ అంటే అదీ ఫ్రెండ్స్. మీరు చూసిన ఒక్క చిన్న విషయం పట్టుకెళ్ళండి. మీ దగ్గర ఏమీ లేకపోతే "అంకుల్ ఇంట్లో ఎలా ఉండేవారు?" అని అడిగి వినండి. "ఎలా జరిగింది, ఏ హాస్పిటల్‌లో చూపించారు" అని మళ్ళీ మొదటినుంచీ చెప్పించకండి. యుద్ధంలో ఎంతమందిని చంపారని అస్సలు అడక్కండి.

ఇంకొకటి. పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోతారు. మన అవసరం అప్పుడు మొదలవుతుంది. మనకి ఫోన్‌లో ఫారాలు నింపడం వచ్చు కదా, ఆ పని చేద్దాం. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు ఉండదు. ఆయన పెన్షన్ స్పర్శ్ పోర్టల్ నుంచి వస్తుంటే అక్కడ తెలియజేసి, ఆంటీకి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేలా చూడాలి. పెన్షన్ ఆర్డర్లో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ముందే సరిచూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తిరగాల్సి రావచ్చు. ఆయన పోయాక ఖాతాలో పడిన పెన్షన్ డబ్బు మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి, వెనక్కి కట్టమంటారు. అర్థం కాకపోతే ఆంటీని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్ళండి. మాజీ సైనికుల కుటుంబాల కోసమే ఆ ఆఫీసు.

పరామర్శకెళ్ళిన ఇంట్లో "వెళ్ళొస్తా" అనకూడదంటారు మన పెద్దవాళ్ళు. సరే, చెప్పకుండానే లేచి రండి. కానీ నెల తర్వాత మళ్ళీ వెళ్ళండి, ఈసారి ఆ కాగితాల పని ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి.

మీకు తెలిసిన అలాంటి ఇల్లు ఏదైనా ఉంటే ఈ వీడియో ఆపేసి ముందు వాళ్ళకి ఫోన్ చేయండి. ఉంటాను మరి.