పాల సంఘం లెక్కల్లో ఇంగ్లీషు మాటలు

(సభ్యుల శిక్షణ సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో చదువు రానివారు కూడా ఇంగ్లీషు మాటలు ధారాళంగా వాడుతారు. తప్పేమీ లేదు. అయితే వాటిలో చాలా మాటలు గని నుండి ఇంటికి వచ్చినవి. సంఘం పుస్తకంలో అవే మాటలకు అర్థం వేరు. షిఫ్టు అంటే గనిలో 8 గంటల పని. మన రిజిస్టరులో ఉదయం పాలు ఒక షిఫ్టు, సాయంత్రం పాలు ఒక షిఫ్టు. దీనితో నష్టం లేదు. డబ్బు దగ్గరకు వచ్చినప్పుడే చిక్కు.

షేరు సంగతి చూడండి. సింగరేణి షేర్లలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానివి, 49 శాతం కేంద్రానివి. కంపెనీలో ఎక్కువ షేర్లున్న వారి మాట చెల్లుతుంది. సహకార సంఘంలో అట్లా కాదు. పది షేర్లున్నా ఒకటే ఓటు, ఒక్క షేరున్నా ఒకటే ఓటు. "నాది ఒక్క షేరే గదా, నేనేం మాట్లాడేది" అని వెనుక కూర్చునే అక్కచెల్లెండ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బోనసు అంటే గని కార్మికునికి దసరా, దీపావళి దినాలలో అందే సొమ్ము. సంఘంలో అది ఆడిట్ అయి మిగులు తేలిన తరువాత, మీరు పోసిన పాల విలువను బట్టి పంచేది. షేర్లను బట్టి ఇచ్చేది డివిడెండు. ఏడాదంతా హోటలుకు పాలు పోసి బోనసు నాడు సంఘానికి వస్తే ఏమిచ్చేది?

అన్నింటికంటె ప్రమాదమైనది 'ఔట్‌స్టాండింగ్'. పిల్లవాని ప్రోగ్రెస్ కార్డు మీద ఆ మాట ఉంటే మిఠాయి పంచుతాము. ఒక సంఘం మహాసభలో ఆడిట్ రిపోర్టు చదువుతూ "మెంబర్ల వద్ద ఔట్‌స్టాండింగ్" అనగానే వెనుక వరుసవారు చప్పట్లు కొట్టారు. అది వసూలు కాని దాణా బాకీ! 'డ్యూ' దీనికి చుట్టమే, ఇంకా మాయదారిది. మీరు సంఘానికి ఇవ్వవలసిందీ డ్యూయే, సంఘం మీకు ఇవ్వవలసిన పాల డబ్బూ డ్యూయే. కనుక సంతకమో వేలిముద్రో వేసే ముందు "ఎవరు ఎవరికి బాకీ?" అని అడగండి. కార్యదర్శి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మినిట్స్ పుస్తకం గడియారం లెక్క కాదు. మీరు ఒప్పుకున్నారని రాసిన తీర్మానాలు అందులో ఉంటాయి. చదివి వినిపించమనండి.

కార్యదర్శులకు ఒక కోరిక. పాస్‌బుక్కులలో 'డ్యూ' గడి కొట్టివేసి, 'సభ్యుడు ఇవ్వవలసినది', 'సంఘం ఇవ్వవలసినది' అని తెలుగులో రెండు గళ్ళు గీయండి. స్కేలు, పెన్సిలు ఉంటే చాలు.