నన్ను మాట్లాడమన్నారా, వద్దన్నారా?

మహిళల సెషన్ ఎప్పుడూ భోజనాల తర్వాతే పెడతారు కాబట్టి, మీకు నిద్ర రాకుండా నా సంగతితోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం నా రివ్యూలో "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని ఒక్క ముక్క రాశారు. ఏ మీటింగ్‌లో, ఎవరికి అర్థం కాలేదో రాయలేదు. రెండు రోజుల సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్‌కి పంపారు. గదిలో పన్నెండు మందిమి, తొమ్మిది మంది ఆడవాళ్లం, అందరం బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లమే. ట్రైనర్ మంచావిడ. నేను సరేనని తల ఊపితే "కాదంటున్నావా?" అని అడిగింది. మూడు నిమిషాల్లో ఏడుసార్లు సారీ చెప్పానని లెక్కపెట్టింది. మనం "అండీ" అనే చోట ఇంగ్లీషులో ఏం పెట్టాలో తెలియక సారీ పెడతాం. అది మర్యాదే గానీ భయం కాదని చెప్పాలని అప్పుడు తోచలేదు.

కొంత పనికొచ్చింది కూడా. ముందు విషయం చెప్పి, తర్వాత కారణాలు చెప్పడం అక్కడే నేర్చుకున్నాను. మనకి కథ మొదటినుంచి చెప్పడం అలవాటు కదా.

నా పక్కన కూర్చున్నావిడ గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో అరవై మంది పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి. హెచ్-4 మీద వచ్చి ఎనిమిదేళ్లు ఇంట్లో ఉంది. ఉద్యోగం చేయడానికి వీసా ఒప్పుకోదు. 2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకెళ్లి ఉంటేనే, అనుమతి దొరికింది. అలా ఉద్యోగంలో చేరింది. ట్రైనర్ ఇచ్చిన కాగితంలో ఆమెకి "ఆత్మవిశ్వాసం తక్కువ" అని ఉంది. ఆ ఎనిమిదేళ్లు రాయడానికి అందులో గడి లేదు.

రెండు నెలల తర్వాత మీటింగ్‌లో ఒకాయన మాటకి అడ్డొస్తే, నేర్పినట్టే "నన్ను పూర్తి చేయనివ్వండి" అందిట. ఈసారి రివ్యూలో "దురుసు" అని వచ్చింది. ఫోన్ చేసి, "ఇంతకీ నన్ను మాట్లాడమన్నారా, వద్దన్నారా అక్కా?" అని అడిగింది.

1964 పౌరహక్కుల చట్టం ఏడవ భాగం ప్రకారం పుట్టిన దేశాన్ని బట్టి ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. యాస పనికి నిజంగా అడ్డొస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అలాగని కోర్టు మన పక్షమే అనుకోకండి. హొనొలులులో క్లర్కు ఉద్యోగానికి 721 మంది పరీక్ష రాస్తే మొదటివాడుగా వచ్చిన ఫిలిపినో ఆయన ఫ్రగాంటే, ఇంటర్వ్యూలో యాస దగ్గర ఆగిపోయాడు. 1989లో అప్పీలు కూడా ఓడిపోయాడు. పైగా హెచ్-1బి మీద ఉన్న అమ్మాయి, ఉద్యోగం పోతే ఇల్లు సర్దుకోవాల్సిన అమ్మాయి, ఏ ధైర్యంతో ఫిర్యాదు చేస్తుంది?

కాబట్టి అడగగలిగింది అడుగుదాం. "కమ్యూనికేషన్" అని రాస్తే ఏ తేదీన, ఏ మాట అర్థం కాలేదో రాయమనండి. వినేవాళ్లని, అంటే మేనేజర్లని కూడా అదే గదిలో కూర్చోబెట్టమనండి. ఈ హాల్లో రివ్యూలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ మాటకొస్తే, నా రివ్యూ రాసినాయన కూడా తెలుగాయనే.

ప్రశ్నలుంటే అడగండి. ముందు వెనక వరసలో ఉన్న ఆడవాళ్లు.