వాడని యూనిట్‌కు పద్దు
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం అమెరికాది. కారణం చెబుతాను. ఉత్పత్తి గురించీ లైన్ నష్టాల గురించీ మాస్టారు శ్రద్ధగా పాఠం చెప్పేవారు. మీటరు దాటి ఇంటి లోపల జరిగే వృథా గురించి అంతకన్నా పట్టుదలగా చెప్పేవారు. ఆ వృథాను తగ్గించడానికి వినియోగదారుల బిల్లుల్లోంచే కొంత సొమ్ము తీసి ఖర్చుపెట్టే పద్ధతి ఒకటుంది. అది పుట్టి, పెరిగి, దెబ్బతిని, మళ్లీ లేచిన తీరు అమెరికాలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

1973 నవంబరు. అరబ్ దేశాలు అప్పటికే చమురు ఆపేశాయి. బర్క్‌లీలో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఎన్రికో ఫెర్మీ శిష్యుడు, ఒక శుక్రవారం రాత్రి ఇంటికి బయలుదేరుతూ తన అంతస్తులో ఖాళీ గదుల దీపాలు ఆర్పబోయారు. స్విచ్చులు బీరువాల వెనకా పుస్తకాల అరల వెనకా ఉన్నాయి. వాటిని ఆర్పాలన్న ఆలోచన అంతవరకూ ఎవరికీ రాలేదన్నమాట. ఆయన కణ భౌతికాన్ని పక్కనపెట్టి మిగిలిన జీవితమంతా ఈ పనికే ఇచ్చారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా ఇంధన కమిషన్‌ను ఏర్పరిచే చట్టం మీద సంతకం చేసిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. ఇది ఏదో ఒక్క పార్టీ వ్యవహారంగా మొదలు కాలేదని గమనించండి. ప్రభుత్వ ప్రమాణాల ఫలితం ఫ్రిజ్‌లో కనిపిస్తుంది. 1970ల మొదట్లో అమెరికాలో కొత్త ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1,800 యూనిట్లు తాగేది. 2001లో వచ్చిన ప్రమాణం నాటికి 500 యూనిట్ల లోపుకు దిగింది. ఫ్రిజ్ చిన్నదేమీ కాలేదు, ఇంకా పెద్దదైంది.

ప్రమాణాలు పెట్టడం ప్రభుత్వం పని. మరి కరెంటు అమ్మే కంపెనీ తన వినియోగదారుల సొమ్ముతో అమ్మకాన్నే తగ్గించడం ఎలా మొదలైంది? దానికి భయమే కారణం. వాయవ్య రాష్ట్రాల్లో డిమాండ్ అంచనాలను నమ్మి ఐదు అణు కేంద్రాలు తలపెట్టారు. పూర్తయింది ఒక్కటే. 1983లో వాటిని తలపెట్టిన విద్యుత్ సంస్థ 225 కోట్ల డాలర్ల బాండ్ల బాకీ ఎగ్గొట్టింది. ఆ ప్రమాదం ముందే కనబడుతున్న 1980లోనే అమెరికా కాంగ్రెస్ ఆ ప్రాంతానికి ఒక చట్టం చేసింది. కరెంటు కావలసి వచ్చినప్పుడు మొదట పొదుపును కొనాలి. ధరలు పోల్చేటప్పుడు దానికి 10 శాతం మొగ్గు కూడా ఇవ్వాలి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు అదే. అక్కడ పొదుపు హితబోధగా మిగలలేదు, విద్యుత్ కేంద్రాల జాబితాలో ఒక కేంద్రమై కూర్చుంది.

దాన్ని పరీక్షించిన ఊరు ఆరెగన్ రాష్ట్రంలోని హుడ్ రివర్. బొన్నెవిల్ విద్యుత్ సంస్థ 2 కోట్ల డాలర్లు పెట్టి, కరెంటుతో వెచ్చబెట్టుకునే ఇళ్లకు గోడల్లో, అటకల మీద ఇన్సులేషన్ నింపి, కిటికీలు బిగించి ఇచ్చింది. అర్హులైన వారిలో 85 శాతం ఇళ్లు చేరాయి. ఉచితంగా, ఇరుగుపొరుగు మాటతో వెళితే జనం వస్తారని రుజువైంది. ఆదా మాత్రం అంచనాలో సగం కూడా రాలేదు. జనం అప్పటికే కట్టెల పొయ్యిలు వాడుతూ, కరెంటు తగ్గించుకుని చలికి ఓర్చుకుంటూ ఉన్నారు. ఆ ఫలితాన్ని ఎవరూ దాచలేదు, అచ్చువేశారు. అంచనా వేరు, కొలత వేరు అన్న క్రమశిక్షణ ఈ రంగానికి అలా అబ్బింది.

కంపెనీ లాభం అమ్మిన యూనిట్ల మీద ఆధారపడినంత కాలం పొదుపు మాట దాని చెవికెక్కదు. కాలిఫోర్నియా నియంత్రణ మండలి 1982లో ఆ ముడి విప్పింది. స్థిర ఖర్చులకు కంపెనీకి రావలసిన రాబడి ముందే నిర్ణయిస్తారు. అమ్మకం తగ్గి రాబడి కొరవడితే తర్వాతి టారిఫ్‌లో కలుపుతారు, ఎక్కువైతే వినియోగదారుడికి తిరిగి ఇస్తారు. మనకు ఇలా తర్వాత కలిపే ట్రూ-అప్ చార్జీ అంటేనే చిరాకు. కానీ సర్దుబాటు రెండు వైపులా జరిగితే అది ఎంత మేలు చేయగలదో ఈ ఉదాహరణ చూపుతుంది. పొదుపు కోసం కంపెనీలు చేతులు కలిపిన సందర్భమూ ఉంది. 1990ల మొదట్లో 24 విద్యుత్ కంపెనీలు 3 కోట్ల డాలర్లు పోగుచేసి, తక్కువ కరెంటుతో నడిచే మేలైన ఫ్రిజ్ చేసిన తయారీదారుకు మొత్తం బహుమతి అన్నాయి. 1993లో వర్ల్‌పూల్ గెలిచింది.

ఆ తర్వాత పోటీ మార్కెట్ల గాలి వీచింది. పోటీలో ఉన్న కంపెనీ పరాయి ఇంటి కిటికీలకు ఎందుకు ఖర్చుపెడుతుంది? దశాబ్దం చివరికి ఖర్చు దాదాపు సగానికి పడిపోయింది. కొన్ని రాష్ట్రాలు బిల్లులో విడిగా ఒక చార్జీ పెట్టి ఈ పద్ధతిని కాపాడాయి. 1999లో టెక్సస్ కంపెనీలకు పొదుపు లక్ష్యం చట్టంలోనే రాసింది. 2000లో వెర్మాంట్ ఈ పని కోసం వేరే సంస్థనే పెట్టింది. దేశవ్యాప్తంగా ఖర్చు మళ్లీ ఎక్కి 2010లో 480 కోట్ల డాలర్లకు చేరింది. 2025కు 950 కోట్లు కావచ్చని 2013లో బర్క్‌లీ ల్యాబ్ మధ్యస్థ అంచనా. ఆదా అయిన యూనిట్‌కు ఈ కార్యక్రమాలు పెట్టే ఖర్చు రెండున్నర సెంట్ల దగ్గరే ఉందనీ అదే ల్యాబ్ లెక్కలు చెబుతాయి.

ఇంత చవకైన దాన్ని ఎవరు కాదంటారు? ఒహాయో కాదంది. 2019లో అక్కడి శాసనసభ ఒక బిల్లు తెచ్చి రెండు అణు కేంద్రాలకు వినియోగదారుల సొమ్ము కట్టబెట్టింది, పొదుపు లక్ష్యాలను ఎత్తేసింది. ఆ బిల్లు వెనక 6 కోట్ల డాలర్ల లంచం నడిచింది. స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. అణు కేంద్రాల రాయితీని 2021లోనే రద్దు చేశారు. లక్ష్యాలను మాత్రం తిరిగి పెట్టలేదు. లంచం బయటపడింది, దోషి జైలుకెళ్లాడు, పొదుపు తిరిగి రాలేదు. ఇది నన్ను నిజంగా బాధించే సంగతి. కరెంటు బిల్లులో పొదుపు చార్జీ ఒక పన్నులా కనబడ్డాక దాని కోసం రోడ్డెక్కేవాడు ఉండడు. నిజాయితీగా నడిచిన చోటా ఈ ముప్పు ఉంది. బిల్లులు మండిన చలికాలం తర్వాత 2025 ఫిబ్రవరిలో మసాచుసెట్స్ నియంత్రణాధికారులు 500 కోట్ల డాలర్ల మూడేళ్ల ప్రణాళికలో 50 కోట్లు కోశారు.

ఇక ముందు సంగతి. సులువైన పొదుపు అయిపోయింది. ఎల్ఈడీ బల్బు మామూలు బల్బయ్యాక దానికి రాయితీ ఇచ్చి ఆదా చూపించుకోవడం కుదరదు. మిగిలినవి పాత ఇళ్ల గోడలు, చిన్న దుకాణాలు, అద్దె ఇళ్లు. చార్జీ కట్టేది అద్దెవాడు, గోడ ఇంటి యజమానిది. ఈ అన్యాయం సరిదిద్దనిదే పేదవాడు ఈ పద్ధతిని తనదనుకోడు. రెండోది, ఏడాదికి ఎన్ని యూనిట్లు అన్న లెక్క ఇక చాలదు. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం సౌరవిద్యుత్తు మిగిలిపోతుంది, సూర్యుడు దిగగానే కొరత. ఆదా ఏ గంటలో అయిందో చెప్పగలిగితేనే దాన్ని విద్యుత్ కేంద్రంతో సమానంగా కొనగలం.

ఈ చరిత్రకు మన ఊరితో నేరుగా సంబంధం ఉంది. రోజెన్‌ఫెల్డ్ చివరి ఏళ్లలో ఎండను తిప్పికొట్టే తెల్లటి పైకప్పుల కోసం పాటుపడ్డారు. 2017లో కన్నుమూశారు. ఆయన పనిచేసిన బర్క్‌లీ ల్యాబ్, మన ట్రిపుల్ ఐటీ కలిసి హైదరాబాద్ భవనాల మీద ఆ పైకప్పులను కొలిచి చూశాయి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి వారి ఇష్టం. ఆ చిన్నవాటిలోనే రేకుల ఇళ్లున్నాయి, మే నెల ఎండ అందరికన్నా ఎక్కువ తగిలేదీ వాటికే. ఆంధ్రప్రదేశ్‌లో పాత బల్బు తీసుకుని పది రూపాయలకు ఎల్ఈడీ బల్బు ఇచ్చి, మిగతా ఖర్చును విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కమ్‌లు) ఆదాలోంచి తీర్చిన అనుభవం మనకుంది. రేకుల మీద తెల్ల పూతకు అదే పద్ధతి ఎందుకు కాకూడదు? డిస్కమ్‌లు నియంత్రణ మండలికి మొత్తం రాబడి అవసరాల నివేదిక (ఏఆర్ఆర్) ఇచ్చేటప్పుడు ఆ ఖర్చును సంక్షేమం పద్దులో కాక విద్యుత్ కొనుగోలు పద్దులో చూపాలని, ఏ గంటలో ఎంత డిమాండ్ తగ్గిందో కొలిచి పక్కనే రాయాలని బహిరంగ విచారణలో అడగవచ్చు. అక్కడ అభ్యంతరం దాఖలు చేసే హక్కు ఈ హాల్లో ఉన్న ప్రతి వినియోగదారుకూ ఉంది.