ఇంటిలో రంపము చేసికొనుట
(పాఠశాల వార్షికోత్సవమున, చేతిపనుల ప్రదర్శన సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ బల్లమీదనున్న రంపమును మన ఎనిమిదవ తరగతి పిల్లలు చేసిరి. బజారున రంపము దొరకకపోదు. దాని ధరయు మిక్కుటము కాదు. అట్టియెడ ఇన్ని గంటలు దీనికై వెచ్చింపనేల యని కొందరు పెద్దలు మమ్మడిగిరి. చేతిపనుల గంటను తీసి గణితమున కొసగవలెనను సూచనయు సంఘము ముందున్నది. ఆ విషయము తేలకమునుపే రంపమెట్లు తయారైనదో విన్నవింపదలచితిమి.

రంపము విషయమున మొదటినుండియు ఒక చిక్కు కలదు. రేకు పలుచనైనకొలది కోత సన్నమగును, శ్రమ తగ్గును. కాని పలుచని రేకును ముందునకు త్రోసినచో వంగిపోవును. మన వడ్రంగులు నేలమీద కూర్చుండి, చెక్కను పాదములతో అదిమిపట్టి, రంపమును తమవైపునకు లాగి కోయుట మీరు చూచియే యుందురు. లాగునపుడు రేకు తనంతట తానే బిగిసి నిలుచును. ప్రాచీన ఈజిప్టువారి రాగి రంపములును ఇట్లు లాగి కోయునవే. రెండవ ఉపాయము, రేకును కొయ్యచట్రమున బిగించుట. దీనిని రోమకులెఱుగుదురు, చైనా వడ్రంగులు తరతరములుగా వాడిరి. మా పిల్లలు చేసినది ఈ చట్రపు రంపము. ఇంటిలో చేసికొనుటకు ఇదియే అనువైనది.

రేకునకై కలపమిల్లులో తెగిన పట్టీరంపపు ముక్కను తెచ్చితిమి. ఉక్కు మంచిదే, పలుచన ఒక మిల్లీమీటరునకు లోపు. ఆకురాయి దానిపై పట్టునో జారునో ముందు చూడవలెను. జారినచో ఆ ముక్క మన పనికి రాదు. పాత పళ్ళను అరగదీసి అంచును తిన్నన చేసితిమి. రెండు కొనలను మాత్రము కుంపటిలో ఎఱ్ఱగా కాల్చి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లార్చినచో మెత్తబడి, మేకు పట్టుటకు బెజ్జము సులభముగా పడును. నడిమి భాగమునకు వేడి తగులరాదు. తగిలిన పళ్ళు నిలువవు.

రేకు పొడవు 45 సెంటీమీటర్లు. ఇరుకొనలను రెండున్నరేసి విడువగా మిగిలినది 40. పంటికి 4 మిల్లీమీటర్ల చొప్పున నూరు పళ్ళు. గణితపు పుస్తకములోని గళ్ళ కాగితమును రేకునకు అంటించి గుర్తులు పెట్టిరి. ముక్కోణపు ఆకురాయి కోణము 60 డిగ్రీలు గనుక, పల్లు ఎటు వాలినను నడిమి సందు 60 డిగ్రీలే యగును. నిలువుకోత రంపమునకు పంటి ముందరి అంచు నిట్టనిలువుగా నుండి ఉలివలె చెక్కుకొని పోవలెను. అడ్డుకోతకైనచో అంచు కొంచెము వెనుకకు వాలవలెను. ఆకురాయిని ఏటవాలుగా పట్టి, ఒక ప్రక్కనుండి సందు విడిచి సందు రాచి, రేకును త్రిప్పి తక్కిన సందులను రాయవలెను. అపుడు పల్లు కత్తివలె నారను తెగగోయును. మా పిల్లలు చేసినది అడ్డుకోతకు.

పిమ్మట పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచవలెను. వంపు ప్రక్కకు మిల్లీమీటరులో అయిదవవంతు చాలును. వంపు లేనిచో రేకు చెక్కలో ఇరుకుకొనును, పొట్టు వెలికి రాదు. రోమక గ్రంథకర్త ప్లినీ క్రీ.శ. మొదటి శతాబ్దముననే దీనిని చెప్పియున్నాడు. పళ్ళు సమముగా వంగినవో లేదో తెలిసికొనుటకు ఒక ముచ్చటయైన పరీక్ష కలదు. రంపమును పళ్ళు పైకి వచ్చునట్లు పట్టి, రెండు వరుసల నడిమి గాడిలో సూది నుంచి, రంపమును వాల్చినచో సూది ఈ కొననుండి ఆ కొనకు జారిపోవలెను. ఇది పిల్లలకు ఆటయైనది; సూది ఆగినచోట ఏ పల్లు తప్పినదో వారే వెదకిరి.

చట్రమునకు తుమ్మకొయ్య చేతులు రెండు, నడుమ టేకు అడ్డుబద్ద. అడ్డుబద్ద కొనను నాలుకవలె చెక్కి చేతికొయ్య బెజ్జమున దూర్చవలెనే గాని, జిగురు వేయరాదు, మేకు కొట్టరాదు. అచట కొయ్య కదలవలెను. క్రింద రేకు, పైన జనపత్రాడు. త్రాటి నడుమ పుల్ల నుంచి పురిపెట్టినకొలది పైకొనలు దగ్గరై, క్రిందికొనలు ఎడమై, రేకు బిగియును. అడ్డుబద్దకు రేకు 16 సెంటీమీటర్ల దూరమునను, త్రాడు 20 సెంటీమీటర్ల దూరమునను ఉన్నవి. కావున త్రాటి బిగువునకు ఒకటింబావు రెట్లు రేకుమీద పడును. తులాదండపు పాఠము మూడుసార్లు చెప్పినను తలకెక్కని పిల్లలు రేకును వ్రేలితో మీటి, దాని నాదమునుబట్టి దీనిని గ్రహించిరి. ఇదియు గణితమే గదా!

మఱియొక మాట. మన ఊరి కలపకొట్టులో రంపమును గరగస అందురు. ఆ కన్నడపు మాట పిల్లలు నేర్వవలసినదే. ఇరుగుపొరుగువారి భాష రాకున్న ఇచట బ్రదుకు సాగదు. కాని మన మాటయు నిలువవలెను. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపుమన్నది. అందువలన పాఠ్యపుస్తకము దొరకును. ఆకురాయి, చిత్రిక, బాడిస, బరమా ఆ పుస్తకమున కానరావు. తరగతిలో పెదవి విప్పని వడ్రంగి యింటి బాలుడొకడు ఈ పేర్లు చెప్పుచుండగా తక్కినవారు నేర్చిరి. మేమును కొన్ని నేర్చితిమి.

పెద్దల భయము నిరాధారమని మేమనము. పదవ తరగతి ఫలితములు తగ్గినచో చేరికలు తగ్గును. చేరికలు తగ్గినచో తెలుగు తరగతియే మూతపడవచ్చును. కావున పదవ తరగతి గంటను గణితమునకు తీసికొనుడు. 6, 7, 8 తరగతుల గంటను మాత్రము ఉండనిండు. 2020 జాతీయ విద్యావిధానము సయితము ఈ తరగతులవారిని పది దినములు పుస్తకసంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు మున్నగువారి కడ పని నేర్వనిమ్మన్నది.

సభానంతరము కోసి చూడగోరువారు ఈ బల్లకడకు రావచ్చును. పని లేనపుడు త్రాడు సడలించి యుంచవలెను గనుక ఇపుడు పురి విప్పియున్నాము. ముందుగా పుల్లను త్రిప్పి బిగించుకొనుడు.